వించి దగ్గర నాన్న

“ఆపు!” అని టైలరు అరిచిన అరుపు గోరింకకి స్పష్టంగా వినిపించింది. ఆ వెంటనే ఇంకోసారి వినిపించింది. ఆమె బోటు మధ్యలో, చేపల గది మూత పక్కన కూర్చుని బుట్టలు కడుగుతోంది. పిలుపు వచ్చింది కదా, వల తాడు లాగే వించి ఆగుతుందిలే అనుకుని తలైనా ఎత్తలేదు. వించి ఆగలేదు. ఇనుప తాడు కిర్రుమంటూ చుట్టుకుంటూనే పోయింది. అంతలో వెనక అంచు దగ్గర ఇనుమూ ఇనుమూ కొట్టుకున్న చప్పుడు, దాని వెనకే మనిషి మూలుగు.

వించి మీట పట్టుకుని నిలబడ్డది ఆమె నాన్న.

అది నేర్చుకునేవాళ్ల బోటు. సముద్రం పనికి పోదామనుకునేవాళ్లకి వల వెయ్యడం, లాగడం, చేపలు ఏరడం అన్నీ దాని మీదే నేర్పుతారు. బోటు నడిపేదీ, పాఠం చెప్పేదీ సరంగు ఒక్కడే. ఆయన మొదటి పాఠం వించి గురించే. వల నోరు తెరుచుకుని ఉండడానికి అటొకటి ఇటొకటి పెద్ద ఇనుప బోర్డులుంటాయి. వల లాగినప్పుడు ముందు పైకొచ్చేవి అవే. వెనక అంచున, బోర్డుకి తగిలించే గొలుసు సిద్ధంగా పట్టుకుని నిలబడ్డ మనిషి, బోర్డు నీళ్లలోంచి తల ఎత్తగానే “ఆపు” అని పిలవాలి. వించి దగ్గర మనిషి ఆపి, “ఆపాను” అని తిరిగి అరవాలి. “పెద్దాచిన్నా మర్యాదలన్నీ ఒడ్డున పెట్టి రండి. బాబ్బాబు ఆపండి అంటూ కూర్చుంటే ఈలోపు చెయ్యి ఊడుతుంది,” అన్నాడు సరంగు. అందరూ నవ్వారు. గోరింకతో పాటు పని నేర్చుకోవడానికి చేరిన టైలరు మరీ ఎక్కువ నవ్వాడు.

ఇప్పుడు టైలరు ఎడమ మణికట్టు పట్టుకుని డెక్కు మీద కూలబడి ఉన్నాడు. బోర్డు ఆగకుండా ఎగిరొచ్చి వెనక అంచున ఉన్న ఇనుప చట్రానికి కొట్టుకుంది. గొలుసు గుంజుకుపోయి, అతని చేతిని కమ్మీకి వేసి నలిపింది. ఎముక విరగలేదు. చర్మం మాత్రం లేచిపోయింది.

“పిలిచావా?” అన్నాడు సరంగు, నీళ్లు పోసి చెయ్యి కడుగుతూ.

“పిలిచానండి. రెండుసార్లు పిలిచాను.”

సరంగు తల తిప్పి నాన్న వంక చూశాడు. నాన్న మీట మీద నుంచి చెయ్యి తియ్యలేదు. మొహం పాలిపోయి ఉంది. “పిలుపు రాలేదు,” అన్నాడు. “వచ్చిన పిలుపుకి నేను ఆపకపోవడం ఎప్పుడైనా చూశావా నువ్వు?”

చూడలేదు. ఈ జెట్టీలో ఎవరూ చూడలేదు. సరంగు కుర్రాడిగా ఉన్నప్పుడు వించి పని నేర్పింది కూడా ఈయనే.

“ఏమ్మా గోరింకా, నువ్వు దగ్గర్లోనే ఉన్నావుగా. విన్నావా?”

గోరింక గొంతు సంగతి జెట్టీలో అందరికీ తెలుసు. ఆ ఇంట్లో అందరివీ పెద్ద గొంతులే. ఈమెది మరీను, చిన్నప్పుడు వీధి చివరి నుంచి ఇంట్లో ఉన్న వాళ్లమ్మతో మాట్లాడేది. ఆ పేరు అలా వచ్చిందే. ఇప్పుడు మాత్రం ఆ గొంతు ఎక్కడికి పోయిందో, నోరు పెగల్లేదు. నాన్న ఆమె వంకే చూస్తున్నాడు. బతిమాలుతున్నట్టు కాదు, అదే వచ్చిన చిక్కు. నిజం తనవైపే ఉందన్న ధీమాతో చూస్తున్నాడు.

“ఇంజను హోరు కదండీ… సరిగ్గా తెలీలేదు,” అంది.

సరంగు నిట్టూర్చి టైలరు భుజం తట్టాడు. “అందరికీ అలాగే ఉంటుంది నాయనా. భయంలో నోరు రాదు. అరిచామనే అనుకుంటాం. కానీ పిలుపు రాని మనిషిని నేను ఏ బోటుకీ పంపలేను. రేపొచ్చి, చినిగిన వల బాగు చెయ్యడంలో సాయం పట్టు. ఎల్లుండి ఆఖరి వేటకి మాత్రం నువ్వు వద్దు.”

టైలరు గోరింక వంక చూశాడు.

*

ఇంటికొచ్చాక నాన్న ముందుగా చేసిన పని రబ్బరు బూట్లు ఊడదీసి మూలకి గిరవాటెయ్యడం. నాన్న వించి దగ్గర ఎప్పుడూ వట్టి కాళ్లతోనే నిలబడేవాడు. మొండితనం అనుకునేవాళ్లు అందరూ. గోరింకే ఆయన వెంటబడి సాధించి, ఆ పొద్దున బూట్లు వేయించింది. “మాకు మొదటి రోజే బూట్లు వేసుకోమని చెప్పారు, నువ్వేమో ఇలా తిరిగితే ఎలా నాన్నా, నా పరువు పోతోంది,” అని. కూతురు నేర్చుకునే బోటు కదా అని ఆయన సరేనన్నాడు.

“వేడినీళ్లు పెట్టమంటారా?” అంది అమ్మ వంటగదిలోంచి.

“ఎందుకే అలా గొణుగుతావు? నోట్లో మాట నోట్లోనే ఉంటుంది నీకు!”

అమ్మ వెంటనే గుమ్మంలోకొచ్చి అదే మాట గట్టిగా అంది. ఇది రోజూ ఉండేదే. నాన్న లెక్కన లోకంలో గొణగని మనిషే లేడు. అమ్మ గొణుగుతుంది, పక్కింటివాళ్లు గొణుగుతారు, వార్తలు చదివేవాళ్లు గొణుగుతారు, ఈమధ్య వానలు కూడా గొణుగుతూనే కురుస్తున్నాయి. “మీ నాన్నకి చెవి కాస్త మందం, బయట అనకు,” అని అమ్మ ఎప్పుడో ఒకసారి చెప్పింది. గోరింక అనలేదు. అనకపోవడమే కాదు, అనుకోవడం కూడా మానేసింది.

నాన్న వాకిట్లో కూర్చుని తాడు కొస పురులు విప్పి మళ్లీ అల్లుతున్నాడు. మనసు బాగోనప్పుడు ఆయన చేసేది అదే. గోరింక ఆయన వెనక్కి వెళ్లి నిలబడింది.

“నాన్నా,” అంది మామూలుగా.

ఆయన వేళ్లు పురి మీద పురి వేస్తూ పోయాయి.

“నాన్నా!” ఈసారి టైలరు అరిచినంత గట్టిగానే అంది. వంటగదిలో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. నాన్న మాత్రం తాడు కొస నోట కరిచి బిగించుకున్నాడు.

కాస్త మందం కాదు ఇది. గోరింక ఆయన కూర్చున్న చెక్క మెట్టు మీద మడమతో ఒక్కసారి తట్టింది. నాన్న వెంటనే తల తిప్పి, “ఏంటి తల్లీ?” అన్నాడు నవ్వుతూ.

అరికాళ్లతో వింటున్నాడు నాన్న. దగ్గరగా, ఎదురుగా ఉన్నవాళ్ల మాట పెదవులు చూసి పట్టుకుంటాడు. తాడు మీద వేసిన రంగు గుర్తులు చూస్తాడు. తాడు బరువెక్కితే పాదాలకి తెలుస్తుంది. పిలిచేవాడు అలవాటు కొద్దీ చెయ్యి కూడా పైకెత్తుతాడు, ఆ చెయ్యిని చూస్తాడు. ఇన్నేళ్లూ ఏ పిలుపూ జారిపోకుండా ఆయన్ని కాచింది అదంతా. ఇవాళ టైలరుకి ఒక చేతిలో గొలుసు ఉంది, రెండో చెయ్యి కమ్మీ మీద ఉంది. నాన్న కాళ్లకి కూతురు తొడిగించిన బూట్లు ఉన్నాయి.

వంటగదిలో అమ్మ ఆమెను గోడ వారకి లాగింది. “ఏమిటా పరీక్షలు? ఆయన్ని ఒడ్డున కూర్చోబెడితే మనిషి దక్కుతాడా? తెలిసే ఆడుతున్నావా ఈ ఆటలు?”

“నాన్న అబద్ధం చెప్పలేదమ్మా. ఆయనకి నిజంగానే వినబడలేదు.”

“మరింకేం? ఊరుకో.”

“ఎల్లుండి టైలరు చోట నిలబడేది నేనే.”

అమ్మ చేతిలో గరిటె పక్కన పెట్టింది. “నువ్వు చెయ్యి ఎత్తు. మర్చిపోకుండా ఎత్తు,” అంది.

*

వలల షెడ్డులో టైలరు అందరికంటే ముందే వచ్చి కూర్చున్నాడు. చేతి కట్టు వేళ్ల దాకా ఉంది. కట్టులోంచి బయటికొచ్చిన వేళ్లతో వల కన్ను పట్టుకుని, కుడిచేత్తో నూలు సూది తిప్పుతున్నాడు. వల కుట్టడంలో ఈ బ్యాచ్‌లో అతనికి దీటైనవాడు లేడు. బట్టలు కుట్టే కొట్టు మూసేసి వచ్చిన చేతులు కదా. గోరింక ఎదురుగా కూర్చుని చిరుగు రెండో అంచు పట్టుకుంది.

“చెల్లెమ్మా, ఒక మాటడుగుతాను, నవ్వకూడదు,” అన్నాడు టైలరు, సూది ఆపి. “నేను నిజంగా అరిచానంటావా?”

ఆమె చేతిలోంచి వల అంచు జారింది.

“అరిచాననే అనుకున్నాను. కానీ బాబాయి అబద్ధమాడే మనిషి కాడు. సరంగుగారు అన్నట్టు, భయంలో నోరు రాలేదేమో. మా ఆవిడ కూడా అదే అంది, నువ్వు అసలే మెత్తని మనిషివి, నీకు కేకలేం వస్తాయి అని. కొట్లో కూడా నేను ఎవరి మీదా అరిచినవాణ్ని కాదు. పదహారు కొలతలు తీసుకుని ఒక్క మాట మాట్లాడేవాణ్ని.” నవ్వబోయి మానేశాడు. “ఒక్క సాయం చేస్తావా? జెట్టీ కొసకి వెళ్లి అరుస్తాను. ఇక్కడికి వినిపిస్తుందో లేదో చెప్పు.”

ఆమె తల ఊపింది. అతను గాయం చెయ్యి గుండెకి ఆనించుకుని, ఐసు బండ్లని తప్పించుకుంటూ జెట్టీ కొస దాకా నడిచాడు. నీళ్లవైపు తిరిగి నిలబడ్డాడు. మొదటి కేకకి సిగ్గు అడ్డొచ్చింది. రెండోది బాగా వచ్చింది. “ఆపు!” మూటలు మోసుకెళుతున్న మనిషొకడు ఉలిక్కిపడి నిజంగానే ఆగిపోయాడు. షెడ్డులో వాళ్లంతా పగలబడి నవ్వారు. టైలరు మాత్రం నవ్వకుండా, ఇంకోసారి, ఇంకోసారి, మెడ నరాలు తేలేలా అరుస్తూనే ఉన్నాడు. చెయ్యి నలగడం ఒక ఎత్తు. తన గొంతు మీద తనకే నమ్మకం పోయేలా చెయ్యడం ఇంకో ఎత్తు. రెండోది చేసింది తను.

అతను రొప్పుతూ తిరిగొచ్చాడు. “వినిపించిందా?”

“వినిపించిందన్నా.”

“మరి నిన్న?”

ఆమె వల వైపు తిరిగింది. “సూది ఇటివ్వు,” అంది. అతను ఇచ్చాడు. ఆమె కళ్లలోకి ఒక్క క్షణం చూశాడు, ఏదో అర్థమైనట్టూ, అర్థం కాకూడదని కోరుకుంటున్నట్టూ.

*

ఆఖరి వేట రోజు పొద్దున, జెట్టీకి నడిచే దారిలో ఆమె చెప్పేసింది. నాన్న ఎప్పటిలాగే నాలుగడుగులు ముందు నడుస్తున్నాడు, భుజాన తువ్వాలు, వట్టి కాళ్లు.

“నాన్నా, మొన్న టైలరు పిలిచాడు. నేను విన్నాను.”

“గాలి ఉంది ఇవాళ,” అన్నాడు ఆయన తనలో తనే, ఆకాశం వంక చూస్తూ. “లోపలికెళ్లాక తగ్గుతుందిలే.”

ముందుకి పరిగెత్తి, ఎదురుగా నిలబడి, మొహం చూపించి చెప్పాలి. అది ఆమెకి తెలుసు. అయినా ఆయన వెనకే నడిచింది. ఇంకో రెండు వీధులు నడిచాక బోట్లు కనిపించాయి, సరంగు చెయ్యి ఊపాడు, ఆ పని అలా మిగిలిపోయింది.

సరంగు ఆమెను వెనక అంచుకే పంపాడు. “అందరిలోకీ గొంతున్నదానివి. ఇవాళ సరిగ్గా చేశావంటే పెద్ద బోటుకి నేనే చెప్తాను,” అన్నాడు. అలాంటి మాట ఆయన నోట రావడం మామూలు విషయం కాదు. వినాలని ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన మాటే. ఇప్పుడు మాత్రం వింటూనే ఆమె కమ్మీ వైపు చూసింది.

వల వేశారు. బోటు వలని నెమ్మదిగా ఈడ్చుకుపోయింది. ఎండ ఎక్కింది. మిగిలినవాళ్లు జోకులేసుకుంటున్నారు. ఆమెకి వేటి మీదా ధ్యాస లేదు. కమ్మీ ఎక్కడుంది, గొలుసు ఎంత పొడుగుంది, తన చెయ్యి ఎక్కడ ఉంటుంది, ఇవే చూసుకుంటోంది. చెయ్యి ఎత్తు, మర్చిపోకుండా ఎత్తు. అమ్మ మాటే చెవుల్లో తిరుగుతోంది.

“లాగండి!” అన్నాడు సరంగు చుక్కాని గది కిటికీలోంచి. వించి కదిలింది.

గోరింక కుడిచేత్తో గొలుసు అందుకుంది. అలకి బోటు పక్కకి ఒరిగింది. ఎడమ చెయ్యి దానంతటదే పోయి కమ్మీని పట్టుకుంది. అప్పుడు చూసుకుంది. ఎత్తడానికి ఖాళీ చెయ్యి లేదు. కమ్మీ వదిలితే తను నీళ్లలో ఉంటుంది. గొలుసు వదిలితే బోర్డు పట్టు దొరకదు. టైలరు సరిగ్గా ఇక్కడే, సరిగ్గా ఇలాగే నిలబడి ఉంటాడు. ఇవాళ తను ఎలాగో తంటాలు పడి ఎత్తినా, రేపు వచ్చే బ్యాచ్‌లో ఎవడికో రెండు చేతులూ ఖాళీ ఉండవు. వాడికి అమ్మ ముందుగా చెప్పి పంపదు.

తాడు మీద రంగు గుర్తులు ఒక్కొక్కటే నీళ్లలోంచి పైకొస్తున్నాయి. బోర్డులు ఇంకా చాలా కిందున్నాయి. దగ్గర్లో ఎవరి చెయ్యీ లేదు. ఆపినా, ఆపకపోయినా ఇప్పుడు ఎవరికీ ఏమీ కాదు.

ఆమె వెనక్కి తిరిగింది. నాన్న మీట పట్టుకుని, కాళ్లు కాస్త ఎడంగా పెట్టి, ఆమె వంకే చూస్తున్నాడు. కూతురు ఆ చోట నిలబడిందన్న గర్వం ఆయన మొహంలో దాగట్లేదు.

“ఆపు!” అంది.

వించి తిరుగుతోంది.

“ఆపు!” ముందు వైపు బుట్టలు సర్దుతున్నవాళ్లు తలలెత్తారు. కిటికీలోంచి సరంగు తల బయటికొచ్చింది. తాడు చుట్టుకుంటూనే ఉంది. నాన్న ఆమెకి తల ఊపాడు, భయం లేదులే అన్నట్టు.

ఆమెకి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఉన్న ఊపిరంతా కూడదీసుకుని మళ్లీ అరిచింది. అది పిలుపో ఏడుపో ఆమెకే తెలియదు. పక్క బోటు మీద మనిషి కూడా ఇటు చూశాడు.

నాన్న కొత్తగా తల తిప్పలేదు. ఆయన మొదటి నుంచీ ఆమెనే చూస్తున్నాడు, చెయ్యి ఎప్పుడు లేస్తుందా అని.

ఆమె గొలుసు వదిలేసి చెయ్యి పైకెత్తింది. వించి టక్కున ఆగిపోయింది.

“ఆపాను!” అన్నాడు నాన్న, ఖంగుమనే గొంతుతో.

నాన్న డెక్కు మీద ఉన్నవాళ్లని ఒక్కొక్కరినే చూశాడు. అందరూ ఆయన్నే చూస్తున్నారు. సరంగు మెట్లు దిగి వస్తున్నాడు. నాన్న చూపు తిరిగి తిరిగి చివరికి కూతురి మొహం దగ్గర ఆగింది. ఆమె మొహం తిప్పుకోలేదు. తిప్పుకోవాలని ప్రాణం గిలగిలలాడింది, అయినా తిప్పుకోలేదు.

ఆయన తువ్వాలు తీసి, పని అయిపోయినప్పుడు తుడిచినట్టే, మీట శుభ్రంగా తుడిచాడు. పక్కకి జరిగి, సరంగుకి చోటిచ్చాడు. సరంగు వచ్చి నిలబడ్డాడు. మీట పట్టుకున్నాడు. నాన్న వెనక అంచు దాకా నడిచొచ్చి, వంగి, ఆమె వదిలేసిన గొలుసు అందుకున్నాడు. రెండు బోర్డులకీ తగిలించింది ఆయనే. గోరింక పక్కన నిలబడి పిలిచింది. పిలిచినప్పుడల్లా వించి ఆగింది.

తిరుగు దారిలో సరంగు ఆమెను కిటికీ దగ్గరికి పిలిచాడు.

“మొన్న టైలరు పిలవడం నువ్వు విన్నావు.”

“విన్నానండి.”

“అడిగినప్పుడు చెప్పలేదు.”

“చెప్పలేదండి.”

ఆయన చుక్కాని మీద నుంచి చూపు తిప్పకుండానే అన్నాడు. “నువ్వు వచ్చే బ్యాచ్‌తో మళ్లీ రా. వల పని వచ్చు నీకు. నోరు తెరవడమే ఇంకా రాలేదు.”

జెట్టీ మీద గోరింక తలొంచుకుని దిగింది. టైలరు అప్పటికే అక్కడ ఉన్నాడు, చేరినప్పుడు ఇచ్చిన వాన కోటు తిరిగిచ్చెయ్యడానికి ఉతికి మడతపెట్టి చంకలో పెట్టుకుని. సరంగు అతనితో, “కోటు నీ దగ్గరే ఉంచుకో. చెయ్యి మానాక కనపడు,” అన్నాడు. టైలరుకి అర్థం కాలేదు. నాన్న అతని దగ్గరికెళ్లి, కట్టు కట్టిన చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, మెల్లిగా వదిలాడు. “బాబాయ్…” అని టైలరు ఏదో అంటుండగానే ఆయన ముందుకి నడిచాడు.

ఆమె నాలుగడుగుల వెనకే నడిచింది. వీధి మలుపులో నాన్న ఆగి, ఆమె పక్కకి వచ్చేదాకా నిలబడ్డాడు. ఆమె పెదవుల వంక చూస్తూ అడిగాడు.

“ఇవాళ నేను ఆపేలోపు ఎన్నిసార్లు పిలిచావు?”

ఆమె మూడు వేళ్లు చూపించింది.

“మొన్న ఆ అబ్బాయి?”

రెండు.

ఆయన తల ఊపాడు. కొంతదూరం నడిచాక, “ఇంతమందిలో కాకుండా నాకు ముందే చెప్పి ఉండొచ్చుగా తల్లీ,” అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

గోరింక ఆయన ఎదురుగా నిలబడింది. “చెప్పాను నాన్నా. పొద్దున ఈ దారిలోనే చెప్పాను.”

నాన్న ఆ మాట ఆమె పెదవుల మీద చదువుకున్నాడు. దారి వంక ఒకసారి చూశాడు, పొద్దున తను నడిచిన చోట ఏదో పడిపోయినట్టు. ఆ తర్వాత ఇల్లు చేరేదాకా ఇద్దరూ పక్కపక్కనే నడిచారు.

వాకిట్లో కాళ్లు కడుక్కుంటుంటే, వంటగదిలోంచి అమ్మ గొంతు వినిపించింది. “వేడినీళ్లు పెట్టమంటారా?”

నాన్నకి గుమ్మం మీద అమ్మ నీడ కదలడం కనిపించింది. గోరింక చెంబు పట్టుకుని అలాగే ఉండిపోయింది, ఎందుకలా గొణుగుతావన్న మాట కోసం.

“నాకు వినబడలేదు,” అన్నాడు నాన్న. “ఇటొచ్చి చెప్పు.”

లోపల గిన్నె ఏదో కింద పెట్టిన చప్పుడైంది. అమ్మ తడి చేతులతో బయటికొచ్చింది. కూతుర్ని చూసింది. తర్వాత ఆయన ఎదురుగా వచ్చి నిలబడి, అరవకుండా, మామూలు గొంతుతో, “వేడినీళ్లు పెట్టమంటారా అన్నాను,” అంది.

“పెట్టు,” అన్నాడు ఆయన.